వైఫై: అందుట, అందకుండుట



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గ్రామములలో ఇప్పుడు తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. “ఇంటిలో వైఫై పెట్టించితిమి గాని వెనుక గదిలో అందదు” అనుట. దాని వెంటనే మఱియొక మాటయు వినబడును: “ఇంకను బలమైన పెట్టె కొనవలెను” అని. మొదటి మాట సత్యము. రెండవ మాట చాలవఱకు పొరపాటు. ఆ పొరపాటునకై రెండువేలో మూడువేలో వెచ్చించియు, పిమ్మట ఫోను చేతబట్టుకొని కిటికీ చెంతకు పరుగెత్తువారు ఊరూరను కలరు.

ఇది పట్టణవాసుల వినోదమునకు సంబంధించిన విషయమని త్రోసివేయుటకు వీలులేదు. మదనపల్లె టమోటా మార్కెట్టులో ఆనాటి ధర తెలియవలెనన్నను, మనుమడు దూరముననున్న ఉపాధ్యాయుని పాఠము వినవలెనన్నను, బ్యాంకి సొమ్ము పంపవలెనన్నను, పరదేశముననున్న కుమారుని ముఖము చూడవలెనన్నను నేడు ఈ తరంగములే ఆధారము. ఒక పూట ముందుగా ధర తెలిసిన రైతు కోత ఆపుకొనగలడు. తెలియనివాడు కాయ కోయించి, పెట్టెల కెత్తించి, బండి కెక్కించి, బాడుగ సొమ్ము కూడ రాక తిరిగి వచ్చును.

అన్నిటికంటె ముందు చేయవలసిన పరీక్ష యొకటి కలదు. దీనికి ఖర్చు లేదు. ఫోనును పెట్టెకు మూడు నాలుగు అడుగుల దూరమున నుంచి చూడుడు. అచ్చటను నెమ్మదిగానే యున్నచో తప్పు వైఫైది కాదు. బయటినుండి వచ్చు తీగది. 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ మొదలుకొని, మన పల్లెలకు వచ్చిన గాజుతీగ పెక్కుచోట్ల కరెంటు స్తంభములమీదుగానే వచ్చినది. గాలికి కొమ్మ విఱిగి పడినను, లారీపై ఎత్తుగా వేసిన గడ్డి తగిలినను తెగును. తెగినప్పుడు పెట్టెపై ఎఱ్ఱ దీపము వెలుగును. అప్పుడు పెట్టెను ఎచ్చటికి మార్చినను ప్రయోజనము లేదు, తీగవానిని పిలువవలసినదే. దగ్గఱ బాగుగా నుండి, దూరమున చెడినచో మాత్రము ఇకపై చెప్పబోవు మాటలు మీకు పనికివచ్చును.

మీరు వినుచున్న ఈ రేడియోకును వైఫైకును దగ్గఱి చుట్టఱికము కలదు. రెండింటను మాటను మోయునది విద్యుదయస్కాంత తరంగమే. 1895వ సంవత్సరమున కలకత్తా పురమందిరమున ఆచార్య జగదీశ చంద్ర బోసు గారు ఒకచోట పుట్టించిన తరంగములు గోడలు దాటిపోయి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చినవి. నడుమ తీగ లేదు. చూచినవారు విస్మయపడిరి. నేటి వైఫై ఆ వంశములోనిదే.

అయితే తరంగములన్నియు ఒక్కతీరువి కావు. మీడియం వేవు రేడియో తరంగము పొడవు ఇంచుమించు 200 మొదలు 500 మీటర్ల వఱకు ఉండును. అంత పొడవైన అలకు మన యిల్లు ఏటిలోని గులకరాయి వంటిది; చుట్టి దాటిపోవును. వైఫై తరంగములు రెండు విధములు. సెకనునకు 240 కోట్ల మాఱులు కంపించుదాని పొడవు ఐదంగుళములు. 500 కోట్ల మాఱులకు పైగా కంపించుదాని పొడవు రెండంగుళములపై చిల్లర. ఇంత పొట్టి అలకు మన గోడయే కొండ. ఈ రెండవదానిని గుర్తించుటకై కొన్ని పెట్టెలవారు పేరు చివర “5జి” అని చేర్చుదురు. అది సెల్‌ఫోను కంపెనీలవారి ఐదవ తరము కాదు. ఆ పేరు చూచి, తమకు క్రొత్త సేవ వచ్చినదని సంతోషించినవారు లేకపోలేదు.

ఇక బలము సంగతి. సాధారణమైన ఇంటి పెట్టె గాలిలోనికి పంపు శక్తి ఒక వాటులో పదవ వంతు మాత్రమే. తొమ్మిది వాటుల బల్బు దీనికి తొంబది రెట్లు తినును. ఆ పదవ వంతులో మీ ఫోనునకు చేరున దెంత? బాగుగా అందుచున్న చోట సైతము పంపినదానిలో పదికోట్లవ వంతు! అంతటితోనే చలనచిత్రము కదలును. కొన్ని ఫోనులు ఈ అందుబాటును మైనస్ 60, మైనస్ 70, మైనస్ 80 అని అంకెలలో చూపును. ఈ లెక్క మన సొమ్ము లెక్క వంటిది కాదు. అంకె పది దిగినపుడెల్ల శక్తి పదవ వంతగును. మైనస్ 60 మంచిది. మైనస్ 70 పని జరుగును. మైనస్ 80 వద్ద ఓపిక పరీక్షింపబడును.

బలము రెట్టింపు చేసినచో ఈ అంకెలలో కలుగు లాభము మూడు. మైనస్ 80 ఉన్నచోట మైనస్ 77 అగును, అంతే. ఆరుబయట, అడ్డమేమియు లేనిచోట, తరంగపు శక్తి దూరము రెట్టింపైనచో నాలుగవ వంతగును. కావున పెట్టె బలమును రెట్టింపు చేసినచో పది గజములు అందునది పదునాలుగు గజములు అందును. ఇంటిలో అంతయు రాదు. ఒక్క లావుపాటి రాతిగోడ తినునది పది మొదలు ఇరువది వఱకు ఉండవచ్చును. అనగా శక్తిలో పదవ వంతో నూఱవ వంతో మాత్రమే ఆవలికి పోవును. మూడు సంపాదించుటకు డబ్బు పోయుటయా, గోడను తప్పించి పది సంపాదించుటయా?

అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. రేడియో వినువాడు మాఱు పలుకడు. వైఫైలో ఫోను ప్రతి మాటకును బదులు చెప్పవలెను. బదులు రానిచో పెట్టె చెప్పినదే మరల చెప్పును. ఫోనుగొంతు పెట్టెగొంతుకంటె సన్ననిది, చిన్న బ్యాటరీతో బ్రతుకునది. మీరు పెట్టె గొంతును మాత్రము పెంచినచో ఏమగును? ఊరి నడుమ మైకు పెట్టి అరచినట్లగును. పొలములోని మనుష్యునకు మైకు వినబడును. అతడు పలికిన బదులు మైకువానికి వినబడదు. ఫోనుపై గీతలు నిండుగా కనబడుచు పని మాత్రము జరుగకుండుటకు తఱచు కారణ మిదియే. పెట్టెను మంచిచోట పెట్టుట ఇట్టిది కాదు. పోవు మాటకును వచ్చు మాటకును రెంటికిని దారి తెఱచుకొనును.

మన సీమ యిండ్లు ఈ తరంగములకు కఠినమైనవి. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు మీదనున్న ఈ మిట్టనేలలో రాయికి కొఱత లేదు. కుప్పము పేరనే వ్యాపారమున చెలామణియగు పచ్చని గ్రానైటు కలదు. మదనపల్లె, పుంగనూరు పల్లెలలో రెండడుగుల మందముగల రాతిగోడల యిండ్లును, బండలు పఱచిన మిద్దెలును ఇప్పటికిని కలవు. వేసవిలో చల్లగా నుంచు ఆ గోడయే తరంగమును మ్రింగును. ఇనుప రేకు మ్రింగదు. అద్దమువలె వెనుకకు త్రిప్పును. కావున రేకుల కొట్టములో నున్నవానికి ఇంటిలోని వైఫై అందనిచో ఆశ్చర్యము లేదు. నీరు మహాభక్షకము. మిద్దెమీది తొట్టి, వంటయింటి డ్రమ్ము, పచ్చని ఆకులతో దట్టముగా నున్న చింతచెట్టు, ఆమాటకు వచ్చినచో మన దేహము సైతము, నీటితో నిండినవే.

ఇట్టి యిండ్లలో పెట్టెను ఎచ్చట పెట్టుచున్నారు? వీథిలోనుండి తీగ వచ్చిన మూలలో, లేదా బీరువామీద, లేదా టీవీ వెనుక, మఱి కొందఱు గోడలోని గూటిలో, దేవుని పటముల సరసన. గూడు మూడువైపుల రాయి, బీరువా ఇనుము, టీవీ వెనుకభాగము ఇనుపరేకును తీగలును. పెట్టెకు వీనికంటె చెఱసాల వేఱొకటి లేదు. తీగ కొంచెము పొడవుగా లాగించుకొని, ఇంటి నడుమ, తలకు మించిన యెత్తున, వాకిండ్లు ఎదురెదురుగా కనబడుచోట మేకు కొట్టి తగిలించినచో చాలు. తలుపు సందునుండి వెలుగు పోయినట్లే తరంగమును పోవును. రాత్రివేళ పెట్టెయున్నచోట దీపముంచి, తక్కిన దీపములార్పి, ఏ గది కెంత వెలుగు చేరుచున్నదో చూచినచో స్థూలముగా తెలిసిపోవును. సన్నని గోడలను వైఫై దాటును గాని వెలుగు దాటదు. ఆ భేదము మాత్రము గుర్తుంచుకొనవలెను.

పెట్టెకు కొమ్ములవంటి పుల్లలుండును. వానిని బాణమువలె గుఱిపెట్టి పడకగదివైపు వంచువారు కలరు. ఇది తలక్రిందుల పని. పుల్ల కొననుండి దాదాపు ఏమియు రాదు. చుట్టును ప్రక్కలకు వచ్చును. గారె నడుమ పుల్ల గ్రుచ్చినట్లు ఊహించుకొనుడు. గారెయే తరంగము వ్యాపించు చోటు. ఒక్క అంతస్తు ఇంటికి పుల్లలు నిటారుగా నుండవలెను. మేడపైకి అందవలెనన్నచో ఒకదానిని మాత్రము అడ్డముగా వంచవచ్చును.

ఇంత చేసినను పెరటిగదికి అందనిచో, రెండవ పెట్టెను తీగతో అచ్చటికి కొనిపోవుట ఉత్తమము. తీగ లేకయే విని తిరిగి పలుకు పెట్టెలు కూడ అంగళ్లలో కలవు. వానిని అందనిచోట పెట్టుట వ్యర్థము. తాను వినినగదా తిరిగి పలుకుట! సగము దూరమున, ఇంకను బాగుగా అందుచోట పెట్టవలెను. అప్పుడును ఒక్క దారిలోనే ప్రతి మాటను రెండుమాఱులు పలుకవలసియుండుట వలన వేగము సగమునకు దిగును.

పుంగనూరు, మదనపల్లె పట్టణములలో గోడకు గోడ ఆనియున్న వీథులలో చిక్కు మఱియొక విధముగా నుండును. అచ్చట తరంగము అందును, వినబడదు. ఇరుగుపొరుగుల పెట్టెలు పది యొక్కమాఱుగా పలుకుచుండును. ఐదంగుళముల తరంగమునకు మనదేశమున 13 దారులున్నవని చెప్పుదురు గాని, ఒక్కొక్కటి ప్రక్కవానిమీదికి వ్యాపించును. ఒండొరులను తాకక నడచునవి మూడే: 1, 6, 11. పెట్టె అమర్చువానిని అడిగి, పొరుగువారు వాడని దారికి మార్పించుకొనవచ్చును. రెండంగుళముల తరంగమునకు దారులెక్కువ. పైగా అది పొరుగింటిగోడను సులభముగా దాటలేదు గనుక ఇచ్చట గోడయే మేలు చేయును. ఇట్టి వీథులలో ప్రతివారును బలమైన పెట్టె కొనినచో, తిరునాళ్లలో అంగళ్లవారందఱును మైకులు పెట్టినట్లగును. అందఱును తగ్గించినచో అందఱికిని వినబడును.

అందుబాటునకును కరెంటునకును గల సంబంధము ఇప్పుడు చెప్పవలసియున్నది. అందుబాటు తగ్గినకొలది పెట్టెయు ఫోనును నిదానముగా పలుకుకొనును. 1997లో ఏర్పడిన మొదటి వైఫై నియమమున వేగము సెకనునకు 10 లక్షలో 20 లక్షలో అక్షరాంశములు. 1999 నాటికి అది కోటి పది లక్షలకు పెరిగెను. నేడు మంచిచోట పదుల కోట్లకు చేరును. ఒక ఛాయాచిత్రమున 80 లక్షల అంశములున్నవనుకొందము. దగ్గఱనున్న ఫోను దానిని సెకనులో పదవ వంతున పంపివేయగలదు. మూలగదిలోని ఫోను పది లక్షల వేగమున పంపినచో ఎనిమిది సెకనులు పట్టును. ఆ ఎనిమిది సెకనులును దాని గొంతు పనిచేయుచునే యుండవలెను. బ్యాటరీ కరగుచునే యుండవలెను. అంతేకాదు, ఒకరు పలుకుచున్నపుడు తక్కినవారు ఊరకుండవలెనన్నది వైఫై నియమము. ఇరుకు సందులో ఎద్దులబండి ముందు పోవుచుండగా వెనుక కారున్నను లాభమేమి? మూలగదిలోని ఒక్క ఫోను ఇంటిల్లిపాదికిని ఆలస్యము తెచ్చును. సాయంకాలమునకే ఫోను బ్యాటరీ అడుగంటుచున్నదని క్రొత్త ఫోను కొనువారు, పెట్టెను చోటు మార్చి చూచుట మంచిది.

ఫోను ఊరకయున్నపుడు నిద్రించుటకును ఆ 1997 నియమముననే ఏర్పాటు కలదు. పెట్టె సెకనునకు ఇంచుమించు పదిమాఱులు దండోరా వేయును. ఎవరెవరికి సమాచారము వచ్చియున్నదో దానిలో చెప్పును. ఫోను ఆ క్షణమునకు మాత్రము మేలుకొని విని, తన పేరు లేనిచో మరల నిద్రించును. తపాలావాడు సావిడి వద్ద పేర్లు చదువగా తమ పేరు లేనివారు ఇంటికి పోయినట్లే. 2021లో వెలువడిన 802.11 ఏఎక్స్ అను నియమమున, అనగా అంగడివారు వైఫై 6 అని చెప్పుదానిలో, ముందుగానే వేళ నిర్ణయించుకొను పద్ధతి వచ్చినది. పొలములో తేమ కొలుచు చిన్న యంత్రము వంటిది ఆ వేళకు మాత్రము మేలుకొనవచ్చును. చిన్న బ్యాటరీయు చాలకాలము నిలుచును.

ఇంటిగడప దాటి ఊరునుండి ఊరికి వైఫై పోదా యను ప్రశ్నకు మన తెలుగువారి అనుభవమే సమాధానము చెప్పుచున్నది. కుప్పము ప్రాంతమున 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో కలసి సమాచారకేంద్రములను నెలకొల్పుటకు పూనుకొనెను. పల్లెస్త్రీలకు ఛాయాచిత్రముల పని నేర్పి, ఎండతో నడచు విద్యుత్సాధనముల నిచ్చుట ఆ ప్రయత్నములో నొక భాగము. కరెంటు నమ్మరానిచోట యంత్రమును నిలుపవలెనన్నచో ముందు దాని ఆహారమును చూడవలెనని ఆనాడే గ్రహించిరి. అదే దశాబ్దమున పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషనువారు అశ్విని యను పేర పల్లెలను దూరపు వైఫైతో కలిపిరి. గంగామైదానమున కాన్పూరు ఐ.ఐ.టి. వారు ఈ వైఫైనే ముప్పది కిలోమీటర్లకు పైగా పంపిరి. ఆ పనులలో పాల్గొనిన భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి గారలు 2007లో తమ యనుభవమును వ్రాయుచు, వైఫై యంత్రము చౌకయేయైనను దానిని ఎత్తున నిలుపు స్తంభమే అసలు ఖర్చని చూపిరి. అంత దూరము పోవుటకు కారణము బలము కాదు. తరంగమును ఒక్కదిక్కునకు కూర్చు గిన్నెవంటి సాధనమును, నడుమ చెట్టుగాని మిట్టగాని లేని చూపుదారియును. చదునైన నేలలో స్తంభము కట్టవలెను. మన సీమలో గుట్టలే స్తంభములు, అవియే అడ్డములును. గుట్టపైనున్నవానికి పది ఊళ్లు కనబడును, గుట్టచాటువానికి ప్రక్క ఊరును కనబడదు.

ఐదంగుళముల తరంగమును లైసెన్సు లేకయే ఆరుబయటను వాడుకొనుటకు 2005 జనవరిలో కేంద్రప్రభుత్వము అనుమతించెను. పంపు యంత్రము ఒక వాటు మించరాదనియు, పుల్ల మిద్దెపై ఐదు మీటర్లకు మించి లేవరాదనియు అందు విధించిరి. అంగడిలో “పది కిలోమీటర్లు అందును” అని చూపు బూస్టర్లను కొనువారు ఈ హద్దును తెలిసికొనియుండుట మేలు.

కరెంటు బిల్లు సంగతికి వత్తము. పెట్టె తినునది ఇంచుమించు ఎనిమిది వాటులు. రేయింబవళ్లు వెలిగినచో నెలకు ఆఱు యూనిట్లకు లోపు. గాలిలోనికి పోవునది అందులో పదవ వంతు వాటే గనుక, బలమును తగ్గించినంత మాత్రమున బిల్లు తగ్గదు. రాత్రి ఎనిమిది గంటలు ఆపినచో రెండు యూనిట్లు మిగులును. గొప్ప లాభము కాదు. పొదుపు నిజముగా అక్కఱకు వచ్చునది కరెంటు పోయినపుడు. పెట్టెకు కావలసినది పండ్రెండు వోల్టుల నేరుకరెంటు. ఇంటి ఇన్వర్టరు బ్యాటరీలోని నేరుకరెంటును తిరుగుకరెంటుగా మార్చును. పెట్టె ప్లగ్గు దానిని మరల నేరుకరెంటుగా మార్చును. ఈ రెండు మార్పిళ్లలో ఇన్వర్టరు తాను తినునదే పెట్టె తినుదానికంటె ఎక్కువగా నుండవచ్చును. దీనికి బదులు పండ్రెండు వోల్టుల, ఏడు ఆంపియర్ గంటల చిన్న బ్యాటరీని సూటిగా పెట్టెకు కలుపు సాధనములు దొరకును. ఆ బ్యాటరీలో సగము మాత్రమే వాడినను ఐదు గంటలు నడచును. బ్యాటరీని అడుగంట వాడుట దానిని చంపుటయే.

తమిళనాడు తేని ప్రాంతమున అరవింద కంటి ఆసుపత్రివారి పల్లెకేంద్రములను దూరపు వైఫైతో కలిపిన బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు 2008లో వ్రాసిన వ్రాతయందు, తమ యంత్రములను ఎక్కువగా పాడుచేసినది చెడ్డ కరెంటేయని తెలిపిరి. వోల్టేజి ఒక్కసారి ఎగసినచో యంత్రము కాలును. దిగజారినచో కాలదు గాని మతిచలించినట్లగును. దీపములు వెలుగుచుండును, పని జరుగదు. వారు అందులకై వోల్టేజి హద్దుకు దిగిన వెంటనే యంత్రమును పూర్తిగా ఆపివేయు అమరిక చేసికొనిరి. మన యిండ్లలో ఆ పని చేతితోనే చేయవచ్చును. ఉఱుములు మెఱుపులు పట్టినపుడు ప్లగ్గు ఊడదీయుడు. కరెంటు పోయి వచ్చునపుడు మొదటి నిమిషములలోనే వోల్టేజి ఊగిసలాడును. ఐదు నిమిషములు తాళి, ఫంకా ఒక్కతీరున తిరుగుచున్నదని చూచిన పిమ్మట పెట్టెకు కరెంటు ఇండు. దీపములు వెలుగుచు పని జరుగనిచో ఒకమాఱు ఆపి, ఇరువది సెకనులు తాళి మరల వేయుడు. పెట్టె మరల మేలుకొని ఫోనును గుర్తించుటకు రెండు నిమిషములు పట్టును. అంతలో దానిని పలుమాఱులు ఆపి వేయకుండుడు.